విదేశీ విద్యార్థికి విమానం నేర్పేటప్పుడు భాష అడ్డం రాకుండా: మొదటి రోజు నుంచి ఒంటరిగా ఎగిరే సోలో దాకా

బెంగళూరు యలహంకలో మా ఆర్‌టీ క్లాసుకి, అంటే రేడియోలో ఏటీసీతో (విమానాల రాకపోకల్ని నడిపించే కంట్రోలర్లతో) మాట్లాడటం నేర్పే క్లాసుకి, రెండు రకాల వాళ్ళు ఫోన్ చేస్తుంటారు. మొదటివాళ్ళు కొత్తగా ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ తీసుకున్న మన తెలుగు కుర్రాళ్ళు. "అన్నా, నా దగ్గరికి బయటి దేశం నుంచి ముగ్గురొచ్చారు. నేను చెప్పేది వాళ్ళకి ఎక్కట్లేదు, వాళ్ళు చెప్పేది నాకు ఎక్కట్లేదు. ఏం చెయ్యను?" అని అడుగుతారు. రెండోవాళ్ళు సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) కోసం అమెరికాకో దక్షిణాఫ్రికాకో వెళ్ళబోయే పిల్లలు. అక్కడ వాళ్ళే విదేశీ విద్యార్థులు.

ఈ వ్యాసం ముఖ్యంగా మొదటివాళ్ళ కోసం. రెండోవాళ్ళకి చివర్లో ఒక భాగం ఉంది. వాళ్ళు మొత్తం చదివినా నష్టం లేదు, ఇన్‌స్ట్రక్టర్ తల ఎక్కడ పట్టుకుంటాడో ముందే తెలుస్తుంది.

ఒక్క మాట ముందే చెప్తాను. ఇంగ్లిష్ తక్కువ వచ్చిన విద్యార్థిని చూసి నేను ఎప్పుడో గానీ భయపడలేదు. అర్థం కాకపోయినా "ఎస్ సర్" అనేవాడి పక్కన కూర్చున్నప్పుడే చెమటలు పట్టాయి. కింద రాసినవాటిలో సగం ఆ "ఎస్ సర్"ని పట్టుకోవడానికే.

1. అడ్డం ఎక్కడుందో మొదటి రోజే తేల్చుకోండి

"వాడికి ఇంగ్లిష్ రాదు" అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం. నిజానికి ఇవి మూడు వేర్వేరు ఇబ్బందులు. కొందరికి మామూలు ఇంగ్లిషే రాదు. కొందరికి ఇంగ్లిష్ బాగా వచ్చు, రేడియో భాష రాదు. ఇంకొందరికి రెండూ వచ్చు, మీ యాసే అర్థం కాదు. ఈ మూడోది మనం ఒప్పుకోం గానీ, నేను చూసినంతలో అదే ఎక్కువ.

ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) భాషా స్థాయిలు ఒకటి నుంచి ఆరు దాకా ఉంటాయి. అంతర్జాతీయంగా ఎగరడానికి కనీసం నాలుగు కావాలి. ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పదసంపద, ధారాళత, గ్రహణం, సంభాషణ అనే ఆరు విషయాల్లో విడివిడిగా చూస్తారు. వాటిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిందే మొత్తం స్థాయి. అయిదింట్లో అయిదు వచ్చి గ్రహణంలో మూడు వస్తే ఆ మనిషి స్థాయి మూడే. ఈ లెక్క మీ ట్రైనింగ్‌కీ పనికొస్తుంది. గలగలా మాట్లాడుతున్నాడు కదా అని అర్థం చేసుకుంటున్నాడు అనుకోవద్దు.

మొదటి రోజు విమానం దగ్గరికి తీసుకెళ్ళకుండా ఒక నలభై నిమిషాలు ఇలా కూర్చోండి:

- వాళ్ళ ఊరి నుంచి బెంగళూరు దాకా ఎలా వచ్చాడో చెప్పమనండి. మధ్యలో దిద్దొద్దు.
- రన్‌వే మీద కుక్క నిలబడ్డ ఫొటో లాంటిది ఒకటి చూపించి, టవర్‌కి ఎలా చెప్తావు అని అడగండి. బట్టీ కొట్టని ఇంగ్లిష్ ఇక్కడ బయటపడుతుంది.
- ఇరవై అంకెలు చదివి రాయించండి: హెడింగ్‌లు (ముక్కు చూపే దిశ), క్యూఎన్‌హెచ్‌లు (ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో పెట్టే గాలి పీడనం), ఫ్రీక్వెన్సీలు. ఎన్ని తప్పాయన్నదాని కన్నా ఏ అంకె దగ్గర తప్పాడన్నది రాసుకోండి.
- చెక్‌లిస్టులో ఒక పేజీ చదివించి, ఒక్కో పని ఎందుకు చేస్తామో అడగండి.
- మీరు రెండు నిమిషాలు మామూలు వేగంతో పాఠం చెప్పి ఫోన్లో రికార్డు చేయండి. తర్వాత అది వేసి, అర్థం కాని చోటల్లా చెయ్యెత్తమనండి.

ఆఖరిది చేసినప్పుడు సిగ్గుపడటానికి సిద్ధంగా ఉండండి. మొదటిసారి నాకు పదకొండు సార్లు చెయ్యెత్తారు.

2. ముందు మన నోరు సరిచేసుకోవాలి

బెంగళూరులో తెలుగువాడి రోజు ఎలా గడుస్తుంది? ఆటో దగ్గర కన్నడం, మెస్సులో తెలుగు, సెక్యూరిటీ దగ్గర హిందీ, ఆఫీసులో ఇంగ్లిష్. ఎదుటివాడి ముఖం చూసి భాష మార్చేస్తాం, సగం వాక్యంలో కూడా. ఊళ్ళో ఇది వరం. కాక్‌పిట్లో ఇదే కొంప ముంచుతుంది. మన తెలుగు విద్యార్థితో "థ్రాటిల్ కొంచెం తగ్గించరా" అంటూ అలవాటు పడ్డ నోరు, విదేశీ విద్యార్థి దగ్గర "లిటిల్ బిట్ రెడ్యూస్, నో?" అంటుంది. ఆ "నో" విని పవర్ తగ్గించకుండా ఆగినవాడిని చూశాను.

మన ఇంగ్లిష్‌లో దిద్దుకోవాల్సినవి ఇవి.

చివర్లో "ఉ" తగిలించడం. మనది అజంత భాష, ఏ మాటైనా అచ్చుతో ముగిస్తే గానీ నోరు ఊరుకోదు. "లెఫ్టు", "ఫ్లాపు", "ఎయిటు". ఇంట్లో ఏం కాదు గానీ, కర్ర్‌మనే హెడ్‌సెట్లో "ఎయిటు" విన్నవాడికి అది ఎనిమిదో, ఎనిమిది రెండో తేలదు.

"జ" ఒక్కటే ఉండటం. రేడియోలో J అక్షరాన్ని జూలియెట్ అనీ, Z అక్షరాన్ని జూలూ అనీ అంటాం. "జులు" అంటే జూలియెట్టా, జూలూనా? మనకి రెంటికీ ఒకే అక్షరం. జూలూ, జీరో అనేటప్పుడు పళ్ళ మధ్య తేనెటీగలా మోగాలి. రోజూ అద్దం ముందు పది సార్లు.

"డబుల్", "ట్రిపుల్". ఫోన్ నంబర్లు చెప్పే అలవాటు మనది. రేడియోలో డబుల్ ఫైవ్ ఉండదు, ఫైఫ్ ఫైఫ్ ఉంటుంది. మూడుని ట్రీ, నాలుగుని ఫోవర్, తొమ్మిదిని నైనర్, వెయ్యిని టౌసండ్ అనమన్నది ఏ యాసవాడికైనా తేడా తెలియాలనే. ఇన్‌స్ట్రక్టరే పాటించకపోతే విద్యార్థి పాటించడు.

తలూపుడు. మనం తల పక్కలకి ఆడిస్తే "సరే". చాలా దేశాల వాళ్ళకి అది "లేదు"కో "ఏమో"కో దగ్గర. పక్కపక్కనే కూర్చుని, హెడ్‌సెట్ పెట్టుకుని తలాడించడం పూర్తిగా మానేయండి. బొటనవేలు చూపించండి, లేదా నోటితో చెప్పండి.

"డూ వన్ థింగ్". మన ప్రతి సలహా ఇలాగే మొదలవుతుంది. పాపం, ఆ ఒక్క పనేమిటో చెప్తారని వాడు చేస్తున్న పని ఆపి ఎదురుచూస్తాడు.

వేగం విషయానికొస్తే, రేడియోలో నిమిషానికి వంద మాటలు మించొద్దని ఐకావో నియమం. తెలుగువాళ్ళం ఉత్సాహం వస్తే దానికి రెట్టింపు దాటతాం. వంద మాటల పేరా ఒకటి రాసుకుని, గడియారం పెట్టుకుని చదివి చూడండి. అది ఎంత నెమ్మదో అప్పుడు గానీ తెలియదు.

3. పదాలకి అనువాదం ఇవ్వొద్దు, విమానం చూపించండి

విద్యార్థి ఫోన్లో అనువాదం యాప్ ఉంటుంది. "స్టాల్" అని కొడితే అది ఇంజిన్ ఆగిపోవడం అని చెప్పొచ్చు, అంగడి అనీ చెప్పొచ్చు. మన తెలుగు పిల్లలకే మొదట స్టాల్ అంటే పుస్తకాల స్టాల్ గుర్తొస్తుంది. ఇంజిన్ ఆగడం అనుకున్నవాడు స్టాల్ రికవరీలో ముందుగా చూసేది ఇంజిన్ గేజీల వైపు. అసలు సంగతి రెక్కది: గాలి తగిలే కోణం హద్దు దాటితే రెక్క పైనుంచి గాలి విడిపోయి లిఫ్ట్ పడిపోతుంది. ఇంజిన్ పూర్తి పవర్లో ఉన్నా స్టాల్ అవుతుంది. ఈ ముక్క అనువాదంతో ఎక్కదు. అట్టముక్కతో రెక్క చేసి, నూలు దారం అంటించి, టేబుల్ ఫ్యాన్ ముందు పట్టుకుని వంచండి. దారం ఎగిరిపడే కోణం చూస్తాడు. అప్పుడు "స్టాల్" అనండి.

వస్తువు ముందు, పేరు తర్వాత. బ్యాంక్, పిచ్, యా, ట్రిమ్, స్లిప్, ఫ్లేర్ అన్నిటికీ ఇదే వరస. అరచేతిలో పట్టే మోడల్ విమానం ఒకటి కొనుక్కోండి, నెల తిరక్కుండా ఖర్చు తీరిపోతుంది.

విద్యార్థి చేత ఒక నోట్‌బుక్ పెట్టించండి. ఒక పేజీకి ఒక పదం: ఎడమవైపు బొమ్మ, కుడివైపు సొంత ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం. మాతృభాషలో రాసుకుంటానంటే అడ్డు చెప్పొద్దు, కింద రాసుకోనివ్వండి. రోజుకి ఎనిమిది పదాలు చాలు. ఇరవై ఇస్తే మర్నాటికి అయిదు మిగులుతాయి.

4. కాక్‌పిట్ మాటలకి ఒప్పందం

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టమంటాను. గాల్లో మీరు వాడే ఆజ్ఞలు పన్నెండుకి మించకూడదు. అవి కాగితం మీద ఉండాలి, ఒక్కో మాటకి ఒకే అర్థం ఉండాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. సంతకం ఎందుకంటే, పెట్టమన్నప్పుడే చదువుతారు.

ఈ పాఠం నేను నేర్చుకున్నది ఒక సిమ్యులేటర్లో. ఫ్రెంచ్ మాట్లాడే దేశం నుంచి వచ్చిన కుర్రాడు బేస్ లెగ్‌లో, అంటే దిగడానికి రన్‌వే వైపు చివరి మలుపు తిరిగే ముందు, విమానం ముక్కు మరీ పైకి లాగుతున్నాడు. నేను తీసుకుందామని "లీవ్ ఇట్, లీవ్ ఇట్!" అన్నాను. మన లెక్కలో అది "వదిలెయ్". వాడి లెక్కలో "అలాగే ఉంచు". కొయ్యబారిపోయి మరీ అలాగే ఉంచాడు. స్టాల్ హారన్ మోగింది. సిమ్యులేటర్ కాబట్టి తర్వాత టీ తాగుతూ నవ్వుకున్నాం.

కంట్రోల్స్ మార్పిడి మూడు మాటలతోనే జరగాలి. ఇన్‌స్ట్రక్టర్: "ఐ హావ్ కంట్రోల్." విద్యార్థి చేతులు తీసేసి: "యు హావ్ కంట్రోల్." ఇన్‌స్ట్రక్టర్ మళ్ళీ: "ఐ హావ్ కంట్రోల్." తిరిగి ఇచ్చేటప్పుడు ఇదే తిరగేసి. మూడోది వినకుండా ఎవరూ పని అయిందనుకోకూడదు. దీన్ని నేలమీద కుర్చీల్లో యాభై సార్లు చేయించండి. పిల్లాటలా ఉంటుంది, అయినా చేయించండి.

నిషేధించాల్సిన మాటలు:

- "రైట్": సరైనదా, కుడివైపా? "లెఫ్టేనా సర్?" అంటే "రైట్" అంటాం! సరైనదైతే "కరెక్ట్" లేదా "అఫర్మ్".
- "టేకాఫ్ పవర్": పూర్తి పవర్ ఇవ్వమనా, పవర్ తీసేయమనా? "ఫుల్ పవర్", "ఐడిల్ పవర్" అనండి.
- "హోల్డ్": కంట్రోల్స్ పట్టుకోమనా, విమానం ఆపమనా? నేలమీద "స్టాప్", గాల్లో "మెయింటెయిన్".
- "టు", "ఫర్" అంకెల పక్కన: ఇవి రెండుగానూ నాలుగుగానూ వినపడతాయి. 1989లో కౌలాలంపూర్ దగ్గర ఒక సరుకు విమానం "టూ ఫోర్ జీరో జీరో" అన్నదాన్ని నాలుగు వందల అడుగులకి దిగమన్నట్టు విని కొండని గుద్దుకుంది.
- "ఓకే": దేనికి ఓకే?
- "టేకాఫ్" అనే మాట: క్లియరెన్స్ (అనుమతి) ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు, తిరిగి చదివేటప్పుడు తప్ప రేడియోలో రాకూడదు. మిగతా చోట్ల "డిపార్చర్". 1977 మార్చి 27న టెనెరిఫేలో 583 మంది పోయిన తర్వాత గట్టిపడ్డ నియమం ఇది.

పాఠాల్లో "గో అరౌండ్" (దిగడం ఆపి మళ్ళీ పైకి లేవడం) అన్నప్పుడు విద్యార్థి ప్రశ్న వేయకూడదు, చేసేయాలి. కాబట్టి ఆ మాట సరదాకి కూడా వాడొద్దు. "ఇంకోసారి చేద్దాం" అనడానికి వేరే మాట చూసుకోండి.

వెనక సీట్లో ఇంకో విద్యార్థి కూర్చున్నప్పుడు ముందున్న మీరిద్దరూ తెలుగువాళ్ళయితే తెలుగులోకి జారతారు. వెనకున్న విదేశీ కుర్రాడు కూడా ఫీజు కట్టినవాడే, వినడం అతని పాఠం. ఇంజిన్ స్టార్ట్ నుంచి షట్‌డౌన్ దాకా తెలుగు బంద్. నేలమీద మన పిల్లలకి తెలుగులో వివరించడాన్ని నేను తప్పుపట్టను, ఎయిరోడైనమిక్స్ తెలుగులో అర్థమైనంత బాగా ఇంకెందులోనూ అర్థం కాదు వాళ్ళకి.

5. "అర్థమైందా?" అని అడగడం మానండి

ఆ ప్రశ్నకి ఒకే జవాబు వస్తుంది. గురువు ముందు "కాలేదు" అనడం మర్యాద తక్కువ అనుకునే దేశాలు చాలా ఉన్నాయి, మనదీ అందులో ఒకటే. మనం చిన్నప్పుడు క్లాసులో ఎన్నిసార్లు చెయ్యెత్తాం?

దీనికి బదులు చెప్పించండి: "ఇప్పుడు టవర్ గో అరౌండ్ అంటే నీ కుడి చెయ్యి మొదట ఎక్కడికెళ్తుంది?" చూపించమనండి. చెయ్యి సరిగ్గా వెళ్తే మాటలు తర్వాత దిద్దుకోవచ్చు. వివరణ గడగడా చెప్పి చెయ్యి తప్పుగా వెళ్తే, బట్టీ.

ఇంకో పద్ధతి, బ్రీఫింగ్‌లో కావాలని ఒక తప్పు చెప్పడం. "ఫైనల్లో (రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దారిలో) ఫ్లాప్స్ పూర్తిగా తీసేస్తాం కదా?" అనండి. "ఎస్ సర్" వస్తే పట్టుకున్నట్టే. తిట్టొద్దు. "నువ్వు నన్ను ఆపాలి, ఆపితేనే మార్కు" అని ముందే చెప్పి ఉంచితే, రెండో వారానికల్లా నవ్వుతూ "నెగెటివ్ సర్" అంటారు. ఆ రోజు సగం పని అయిపోయినట్టు.

ఒకే దేశం వాళ్ళు ముగ్గురు నలుగురు ఉంటే వాళ్ళలో ఒకడు అనువాదకుడైపోతాడు. క్లాసులో తల తిప్పి వాడి వైపు చూస్తుంటారు. రాత్రి హాస్టల్లో చర్చించుకోనివ్వండి, అది మంచిదే. కానీ పొద్దున మీ ముందు ప్రతివాడూ ఒంటరిగా, సొంత ఇంగ్లిష్‌లో చెప్పాలి. విమానంలో వాడి పక్కన అనువాదకుడు ఉండడు.

6. రేడియో నేర్పే వరస

చాలామంది మొదటి రోజే పూర్తి కాల్ బట్టీ పట్టిస్తారు. అది తప్పు. వరస ఇది:

మొదట అంకెలు, అక్షరాలు మాత్రమే. రోడ్డు మీద కనిపించే బండి నంబర్లు చదివించండి. బళ్ళారి రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఇంతకన్నా మంచి కాలక్షేపం లేదు. ఇక్కడే ఒక్కొక్కరి మాతృభాష ఎక్కడ పట్టిస్తుందో చూసుకోండి. అరబ్బీ నుంచి వచ్చినవాడికి "ప" బదులు "బ" వస్తుంది, పాపా బాబా అవుతుంది. జపాన్ వాడికి ర, ల కలిసిపోతాయి. బెంగాలీ మాట్లాడేవాడి విక్టర్ "భిక్టర్" అవుతుంది. వియత్నాం వాళ్ళు మాట చివరి హల్లుని మింగేస్తారు. యాస మొత్తం మార్చాలని చూడకండి. పక్క మాటతో కలిసిపోయే శబ్దాన్ని మాత్రమే పట్టుకోండి.

తర్వాత విని రాయడం. మీరు క్లియరెన్స్ చదవండి, వాడు మోకాలి పలక మీద రాయాలి. సొంత సంకేతాలు పెట్టుకోనివ్వండి.

ఆ తర్వాత రీడ్‌బ్యాక్. తిరిగి చదివి తీరాల్సినవి: రన్‌వే మీదికి వెళ్ళడం, దిగడం, ఎగరడం, దాటడం, బయట ఆగడం, వెనక్కి ట్యాక్సీ, వాడుకలో ఉన్న రన్‌వే, ఆల్టిమీటర్ సెట్టింగ్, ట్రాన్స్‌పాండర్ కోడ్ (రాడార్‌లో మన విమానాన్ని గుర్తుపట్టే నంబరు), ఎత్తు, హెడింగ్, వేగం, రూట్ క్లియరెన్స్. వీటికి "రోజర్" జవాబు కాదు. రోజర్ అంటే "నువ్వు చెప్పింది అందింది" అని మాత్రమే. "చేస్తాను" అనడానికి విల్కో. ఈ తేడా తెలియకుండా "రోజర్" అన్నిటికీ వాడేవాడు రేడియోలో "ఎస్ సర్" అంటున్నట్టే లెక్క.

నాలుగోది, మనమే కాల్ చేయడం. ఎవరిని పిలుస్తున్నాను, నేనెవరిని, ఎక్కడున్నాను, ఏం కావాలి. ఈ నాలుగూ ఈ వరసలోనే. "టవర్, విక్టర్ టాంగో అల్ఫా బ్రావో చార్లీ, డౌన్‌విండ్, టచ్ అండ్ గో." డౌన్‌విండ్ అంటే రన్‌వేకి సమాంతరంగా ఎదురు దిశలో వెళ్ళే భాగం, టచ్ అండ్ గో అంటే దిగి ఆగకుండా మళ్ళీ లేవడం. కాల్‌సైన్‌ని, అంటే విమానం పిలుపు పేరుని, టవర్ కుదించి పిలిచాకే మనం కుదించాలి.

చివరగా, అర్థం కాకపోతే ఏమనాలి. ఇది చివర్లో రాశాను గానీ, పరీక్షలో మాత్రం మొదట పెడతాను. "సే అగెయిన్." "సే అగెయిన్ ఆల్ ఆఫ్టర్" అని చివరగా విన్న మాట. "స్పీక్ స్లోవర్." "కన్ఫర్మ్ రన్‌వే." "స్టాండ్‌బై." "అనేబుల్." ఈ ఆరూ గౌరవంగా, గట్టిగా, "సారీ సర్" లేకుండా అనడం రావాలి. కంట్రోలర్‌కి కోపం వస్తుందని భయపడతారు. రానివ్వండి.

బెంగళూరులో ఎగిరేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇక్కడ హెచ్ఏఎల్, యలహంక, కెంపేగౌడ, అన్నిటి రన్‌వేలూ దాదాపు తూర్పు పడమరలే, కాబట్టి రన్‌వే నంబర్లూ కలిసిపోతాయి. కెంపేగౌడలో అయితే రెండు సమాంతర రన్‌వేలు, 09 లెఫ్ట్, 09 రైట్ అని. అంకె విన్నాక ఏ ఎయిర్‌పోర్టుదో, ఎడమో కుడో కూడా విన్నాడా అని అడగండి. ర, ల కలిసిపోయేవాడికి మ్యాప్ మీద వేలు పెట్టి చూపించమనడం ఒక్కటే మార్గం.

ఎత్తుల కొలత కూడా గుర్తుపెట్టుకోండి. చైనాలో ఎత్తుని మీటర్లలో చెప్తారు. అక్కడ కొన్నాళ్ళు నేర్చుకుని వచ్చినవాడికి "టూ టౌసండ్" అంటే తలలో ఇంకో బొమ్మ ఉండొచ్చు. టైమ్ మొత్తం యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ఒకే గడియారంలో. మనకి అయిదున్నర గంటల తేడా, నేపాల్ వాడికి అయిదూ ముప్పావు.

7. గాల్లో: తక్కువ మాట్లాడండి

కొత్త విషయం ఏదీ గాల్లో మొదటిసారి చెప్పకూడదు. నేలమీద చెప్పి, కుర్చీలో చేయించి, గాల్లో మీరు మాట్లాడకుండా చేసి చూపించి, తర్వాత వాడి చేత చేయించాలి. చూపించేటప్పుడు వివరించడం అందరం చేసే తప్పు. పరాయి భాష వింటూ కళ్ళతో చూడటం కుదరదు, ఏదో ఒకటి పోతుంది.

టేకాఫ్‌లో, ల్యాండింగ్‌కి చివరి అయిదు వందల అడుగుల్లో ఒప్పందంలోని మాటలు తప్ప ఏమీ వద్దు.

విద్యార్థి చెవులు మూసుకుపోయాయని చెప్పే గుర్తులు ఇవి:

- రీడ్‌బ్యాక్‌లో చివరి అంకె ఒక్కటే వస్తుంది.
- కాల్‌సైన్ మర్చిపోతాడు.
- జవాబు ఆలస్యమై, ఒక్క మాటకి కుదించుకుపోతుంది.
- మీ ప్రశ్నకి తలూపుతాడు గానీ చేతులు కదలవు.
- తన భాషలో గొణుక్కుంటాడు.

వీటిలో రెండు కనిపిస్తే కంట్రోల్స్ తీసుకుని, సర్క్యూట్ (రన్‌వే చుట్టూ తిరిగే దారి) వదిలి, తిన్నగా ఎగరండి. రెండు నిమిషాలు మౌనం. గొంతు పెంచితే అర్థమవుతుందని మనందరికీ ఒక నమ్మకం ఉంది. చెవిటివాడితో మాట్లాడుతున్నట్టు అరుస్తాం. వాడికి వినపడుతోంది, అర్థం కావట్లేదు, అంతే. అదే వాక్యాన్ని గట్టిగా అనే బదులు చిన్న వాక్యం చేయండి.

8. దిగాక

డీబ్రీఫింగ్‌లో మొదట విద్యార్థి మాట్లాడాలి. తప్పుల ఇంగ్లిష్‌లోనే మాట్లాడనివ్వండి, అయిదు నిమిషాలు. స్కూలు అనుమతి ఉంటే ఇంటర్‌కమ్ శబ్దాన్ని రికార్డు చేసి కలిసి వినండి. నేను చూసినంతలో దీనంత వేగంగా పనిచేసింది ఇంకోటి లేదు. తన గొంతు తాను విన్నప్పుడే "నేను కాల్‌సైన్ చెప్పలేదా!" అని ఆశ్చర్యపోతారు.

తప్పులు మూడే చెప్పండి. ఎగరడంలో తప్పుని, మాటలో తప్పుని విడగొట్టి చెప్పండి. ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు కాస్త ఎత్తడం) ఆలస్యమైంది అనుకోండి, చెయ్యి ఆలస్యమైందా, లేక మీరన్న "ఫ్లేర్"ని "ఫ్లాప్" అనుకుని ఆగాడా? రెంటికీ మందు వేరు. ఇన్‌స్ట్రక్టర్లు లాగ్‌లో "ఫ్లేర్ బాలేదు" అని రాసేసి, ఇంకో పది ల్యాండింగ్‌లు కొట్టిస్తారు. డబ్బు విద్యార్థిది.

9. ఆపదలో మాట

భయపడ్డప్పుడు ఎవరికైనా అమ్మ భాషే వస్తుంది. కాబట్టి ప్రాణాపాయానికి "మేడే, మేడే, మేడే", అంతకన్నా తక్కువ అత్యవసరానికి "పాన్ పాన్" మూడు సార్లు, ఇవి ఆలోచించకుండా రావాలి. 1990 జనవరిలో న్యూయార్క్ దగ్గర కొలంబియా విమానం ఒకటి ఇంధనం అయిపోయి కూలింది, 73 మంది పోయారు. ఇంధనం అయిపోతోందని సిబ్బంది రేడియోలో చెప్పారు, "ఎమర్జెన్సీ" అన్న మాట మాత్రం కంట్రోలర్‌కి చెప్పలేదు. సరైన ఇంగ్లిష్ వాక్యం కన్నా సరైన ఒక్క మాట ముఖ్యమని విద్యార్థికి చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

మేడే తర్వాత వాక్యం రాకపోతే విడిమాటలు చాలు: కాల్‌సైన్, "ఇంజిన్ ఫెయిల్యూర్", ఎక్కడ, "ల్యాండింగ్ ఇన్ ఫీల్డ్". ట్రాన్స్‌పాండర్ కోడ్ 7700, రేడియో పోతే 7600. టవర్ నుంచి వచ్చే లైట్ సంకేతాలు కూడా నేర్పండి, వెలుగుకి యాస లేదు.

10. సోలోకి ముందు చూసుకోవాల్సినవి

ల్యాండింగ్‌లు బాగున్నాయని సంతకం పెట్టేయకండి. వీటిలో ఏ ఒక్కటి కాకపోయినా నేను ఆపుతాను:

- మీరు కాకుండా, విద్యార్థికి పరిచయం లేని గొంతు చదివిన పది ఆదేశాల్లో పదీ సరిగ్గా రీడ్‌బ్యాక్ చేశాడు.
- ఊహించని ఆదేశాలకి తడుముకోకుండా స్పందించాడు: ఎడమకి బదులు కుడి సర్క్యూట్, డౌన్‌విండ్ పొడిగించు, ఆర్బిట్ (గాల్లో ఒక చుట్టు) చెయ్యి, గో అరౌండ్.
- కావాలని గొణిగి చదివిన ఆదేశానికి ఊహించకుండా "సే అగెయిన్" అన్నాడు.
- చేయలేనిది అడిగితే "అనేబుల్" అన్నాడు.
- తప్పు రన్‌వే చెప్తే ప్రశ్నించాడు.
- మేడే కాల్ నిద్రలో లేపినా చెప్తాడు.
- గత మూడు సార్టీల్లో (ఎగిరిన మూడు సార్లలో) రేడియోలో మీరు ఒక్కసారీ జోక్యం చేసుకోలేదు.

మూడోది ఫెయిలైనవాడికి ల్యాండింగ్‌లు ఎంత మెత్తగా ఉన్నా సోలో వద్దు. ఇక్కడ ఇన్‌స్ట్రక్టర్ మీద ఒత్తిడి ఉంటుంది, వీసా గడువనీ, డబ్బనీ, వాళ్ళ దేశంలో స్పాన్సర్ అడుగుతున్నాడనీ. ఆపితే ఆ రోజుకి మీరే చెడ్డవాళ్ళు.

11. మీరే విదేశీ విద్యార్థి అయితే

అమెరికా వెళ్ళేవాళ్ళకి బయల్దేరే ముందు నెల రోజుల పని ఇది. ఏటీసీ సంభాషణలు వినిపించే లైవ్ ఏటీసీ సైట్లో మీరు చేరబోయే ఎయిర్‌పోర్టో, దాని పక్కదో దొరుకుతుందేమో చూడండి. రోజూ ఇరవై నిమిషాలు విని రాయండి. మొదటి వారం ఏమీ అర్థం కాదు, టెన్షన్ పడొద్దు.

అక్కడ మారేవి కొన్ని. మనం "డెసిమల్" అనేదాన్ని వాళ్ళు "పాయింట్" అంటారు. సర్క్యూట్ "ప్యాటర్న్" అవుతుంది. "అఫర్మ్" బదులు "అఫర్మేటివ్" వినిపిస్తుంది. ఆల్టిమీటర్ హెక్టోపాస్కల్స్‌లో కాకుండా అంగుళాల్లో, అంటే 1013కి బదులు 29.92. విజిబిలిటీ మైళ్ళలో. టవర్ లేని ఎయిర్‌పోర్టులు చాలా ఎక్కువ, అక్కడ ఎవరి సంగతి వాళ్ళే రేడియోలో ప్రకటించుకోవాలి, కాల్ మొదట్లో, చివర్లో ఎయిర్‌పోర్టు పేరు చెప్పాలి.

మొదటి కాల్‌లో "స్టూడెంట్ పైలట్" అని చేర్చండి. అమెరికా పైలట్ల మార్గదర్శిలోనే ఉన్న సలహా ఇది. కంట్రోలర్ నెమ్మదిస్తాడు. మన పిల్లలు నామోషీ అని అనరు, తర్వాత చీవాట్లు తింటారు.

ఇన్‌స్ట్రక్టర్‌ని "సర్" అని ప్రతి వాక్యంలో పిలవక్కర్లేదు, పేరు పెట్టి పిలవమంటే పిలవండి. మొదటి రోజే ఆయనతో ఒక మాట అనండి: "నేను ఎస్ అన్నానంటే అర్థమైందని కాదు, నా చేత చెప్పించండి." పైన నాలుగో భాగంలో రాసిన పన్నెండు మాటల కాగితం మీరే తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టండి.

రూమ్‌లో నలుగురూ తెలుగువాళ్ళే ఉంటారు, అది ఎలాగూ తప్పదు. వంట దగ్గర తెలుగు, చెయిర్ ఫ్లయింగ్‌లో (కుర్చీలో కూర్చుని ఎగిరినట్టు చేసే సాధనలో) ఇంగ్లిష్ అని గీత గీసుకోండి. ఒకడు టవర్, ఒకడు పైలట్, రోజూ అరగంట.

లైసెన్సుతో తిరిగొచ్చాక ఇక్కడ ఆర్‌టీఆర్ (రేడియో లైసెన్సు) పరీక్ష ఉంది, అది ఇంకా పాస్ కాకపోతే. అక్కడ అలవాటైన పాయింట్, ప్యాటర్న్, అంగుళాలు అన్నీ వదిలించుకుని మళ్ళీ డెసిమల్, సర్క్యూట్, హెక్టోపాస్కల్స్‌కి రావడానికి రెండు వారాలు పడుతుంది. పరీక్ష తేదీ చూసుకుని ఆ రెండు వారాలు ముందే పక్కన పెట్టుకోండి.